వెనిస్ వెళ్తున్న కిరణ్‌కి: ముందు వంతెనలు లెక్కపెట్టుకో

సత్యనారాయణపురం, విజయవాడ

చి. కిరణ్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

మే నెలలో అమ్మనీ నాన్ననీ తీసుకుని నువ్వూ స్వాతీ రోమ్, వెనిస్, మిలాన్ చూసొస్తున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నెల బాగానే ఎంచుకున్నావు. జూలై, ఆగస్టుల్లో వెనిస్‌లో ఉక్కా, దోమలూ, జనమూ మూడూ ఒక్కసారే మీద పడతాయి. అక్టోబరు చివర మొదలుపెట్టి జనవరి దాకా సముద్రపు పోటు వీధుల్లోకి వచ్చే కాలం.

రోమ్, మిలాన్ ఎలా తిరుగుతావో నీ ఇష్టం. వెనిస్ విషయంలో మాత్రం కాస్త నా మాట విను. ఆ ఊళ్ళో ఆటో లేదు, కారు లేదు, సైకిలు కూడా తొక్కనివ్వరు. నడవాలి, లేదా పడవెక్కాలి. నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి. చాలావాటికి ఇటు పది పదిహేను మెట్లు, అటు పది పదిహేను మెట్లు. మీ అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలిసిందే. కాబట్టి గది ఎక్కడ తీసుకుంటావు, పెట్టెలు ఎన్ని మోస్తావు అన్న రెండూ ముందు తేల్చుకో. ఏం చూడాలన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

గది చవగ్గా వస్తుందని చాలామంది మెస్త్రెలో దిగుతారు. అది ఇవతలి గట్టున ఉన్న మామూలు ఊరు, వెనిస్‌కి రైల్లో పది నిమిషాలు. కుర్రాళ్ళయితే సరే. పెద్దవాళ్ళతో వెళ్తే మధ్యాహ్నం రెండు గంటలు నడుం వాల్చి, ఎండ తగ్గాక మళ్ళీ బయల్దేరే వీలుండాలి. మెస్త్రె నుంచి అది కుదరదు, పొద్దున వెళ్తే రాత్రి దాకా కాళ్ళ మీదే ఉండాలి. అందుకని ఊళ్ళోనే మూడు రాత్రులు తీసుకో. సాంతా లూచియా స్టేషన్ బయటికొచ్చి ఎడం చేతివైపు లిస్తా ది స్పాన్యా అనే వీధి పట్టుకుంటే, గూల్యె వంతెన వచ్చేదాకా ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు. ఆ నాలుగడుగుల మేరలో వెతుకు. ఇంకెక్కడ తీసుకున్నా డబ్బు కట్టేముందు హోటలువాళ్ళకి మెయిల్ పెట్టి మూడు ప్రశ్నలు అడుగు: దగ్గరి పడవ రేవు ఏది, అక్కణ్ణుంచి మీ గుమ్మానికి ఎన్ని వంతెనలు, లోపల లిఫ్ట్ ఉందా. పాత భవనాలు కదా, మూడో అంతస్తుకి కూడా ఇరుకు మెట్లే ఉన్నవి బోలెడు. గది అద్దె కాక తలకి, రాత్రికి ఇంత అని ఊరి పన్ను విడిగా కట్టించుకుంటారు, కంగారుపడకు.

పెట్టెలు మనిషికి ఒకటి, అదీ చిన్నది. రెండు పెద్ద సూట్‌కేసులు తప్పవంటే సాంతా లూచియా స్టేషన్లోనే సామాను దాచే కౌంటర్ ఉంది, అక్కడ పెట్టి మూడు రోజుల బట్టలతో వెళ్ళండి. రోమ్ నుంచి రైలు సుమారు నాలుగు గంటలు. మెస్త్రె స్టేషన్ పేరులో కూడా వెనిస్ అనే ఉంటుంది, చాలామంది అది చూసి దిగిపోతారు. మీరు దిగకండి. రైలు నీళ్ళ మీది పొడవాటి వంతెన దాటి ఆఖరి స్టేషన్లో ఆగుతుంది, మీ ఊరు అదే.

ఇక పడవలు. మనకి సిటీ బస్సులెలాగో వాళ్ళకి వాపొరెట్టోలు అలాగ, నంబర్లతో తిరుగుతాయి. ఒక్క టికెట్టు 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. 24 గంటల పాసు 25, 48 గంటలది 35, 72 గంటలది 45. రోజుకి మూడుసార్లు ఎక్కారంటే పాసే లాభం. బయల్దేరేముందు ధర ఒకసారి సరిచూసుకో, పెంచుతూ ఉంటారు. పాసు గంటలు కొన్నప్పటి నుంచి కాదు, మొదటిసారి మెషిన్‌కి తాకించినప్పటి నుంచి లెక్క. పాసున్నా సరే, ఎక్కే ప్రతిసారీ రేవులో మెషిన్‌కి తాకించాల్సిందే. లేకపోతే జరిమానా వేస్తారు, తెలియదన్నా వినరు. ఇంకో చిక్కు: ఒకే నంబరు పడవ రెండు దిక్కులకీ పోతుంది. పెద్ద రేవుల్లో దిక్కుకో ప్లాట్‌ఫాం ఉంటుంది. నంబరొకటే చూసి ఎక్కేయకు, బోర్డు మీద చివరి రేవు పేరు చదువు. నీకూ స్వాతికీ ముప్ఫై నిండలేదు కాబట్టి రోలింగ్ వెనిస్ కార్డు అడగండి, 72 గంటల పాసు తగ్గింపు ధరకి వస్తుంది.

చేరిన సాయంత్రం ఏ మ్యూజియమూ పెట్టుకోవద్దు. 1వ నంబరు పడవలో గ్రాండ్ కెనాల్ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళండి, అంతే. దాదాపు నాలుగు కిలోమీటర్ల కాలువ, ముప్పావు గంట ప్రయాణం. స్టేషన్ రేవులో ఎక్కితే సీట్లుండవు. పక్కనే ఉన్న పియజ్జాలె రోమా రేవుకి పోయి అక్కడ ఎక్కు. బయట కూర్చునే సీట్లున్న పడవైతే ముందువైపు పట్టుకో. ఎడం పక్కన కా దోరో వస్తుంది, రాతిని అల్లికలా చెక్కిన భవనం. తర్వాత కుడివైపు రియాల్టో బజారు, ఆ వెంటనే 1591లో పూర్తయిన రియాల్టో రాతి వంతెన. దాని కిందుగా పోయేటప్పుడు అందరూ ఫోన్లెత్తి లేస్తారు, మీ నాన్నని లేవనివ్వకు, పడవ రేవుకి తగిలినప్పుడు గట్టిగా కుదుపుతుంది. చివర్లో కుడివైపు పెద్ద గుమ్మటంతో సలూతె చర్చి కనిపిస్తుంది. 1630 నాటి ప్లేగు నుంచి బయటపడాలని మొక్కుకుని కట్టుకున్నది. అది దాటితే ఎడమన సాన్ మార్కో, ఊరి పెద్ద చౌకు.

రెండో రోజు పొద్దున్నే సాన్ మార్కో. బసిలికాకీ (అక్కడి పెద్ద చర్చి), డోజ్‌ల (ఒకప్పటి వెనిస్ పాలకుల) భవనానికీ టైముతో సహా ఆన్‌లైన్‌లో ఇంటి దగ్గరే టికెట్లు తీసుకో. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి కాబట్టి ఆ రోజు వద్దు. భుజాలూ మోకాళ్ళూ కప్పుకుని ఉండాలి. మీ అమ్మ చీరకి ఏ ఇబ్బందీ లేదు, ఇబ్బందల్లా నీ నిక్కర్లతోనే. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. 1204లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి తెచ్చుకున్న నాలుగు కంచు గుర్రాలు పై అంతస్తు మ్యూజియంలో ఉన్నాయి, బయట కనిపించేవి నకళ్ళు. ఆ మ్యూజియం మెట్లు నిటారుగా ఉంటాయి. అమ్మని కింద బంగారు మొజాయిక్‌ల దగ్గరే కూర్చోబెట్టి మీరెక్కండి. ఎదురుగా ఉన్న గంట గోపురానికి మాత్రం లిఫ్ట్ ఉంది, ఊరంతా అక్కణ్ణుంచి ఆవిడకీ చూపించొచ్చు. అది 1902లో కూలిపోతే 1912 నాటికి అలాగే మళ్ళీ కట్టారు.

పోటు సంగతి మీ నాన్న తప్పకుండా అడుగుతారు, ఇంజనీరు కదా. సముద్రం లోపలికి వచ్చే మూడు దారుల్లో 78 గేట్లు పెట్టారు, 2020 నుంచి పనిచేస్తున్నాయి. మన ప్రకాశం బ్యారేజీ గేట్లలా పైనుంచి దించేవి కావు. బోలు ఇనప పెట్టెలు నీళ్ళు నింపుకుని అడుగున పడుకుని ఉంటాయి. పోటు 110 సెంటీమీటర్లు దాటుతుందని అంచనా రాగానే వాటిలోకి గాలి కొట్టి నీళ్ళు తోడేస్తే పైకి లేస్తాయి. మేలో మీకు ఆ బెడద లేదనే అనుకో. కానీ నీటి అంచు మెట్లు మాత్రం ఎప్పుడూ ప్రమాదమే. పైన రెండు మూడు మెట్లు పొడిగా ఉంటాయి, కింద మెట్టు నాచు పట్టి పచ్చగా మెరుస్తుంటుంది. ఫోటో కోసం ఆ పచ్చమెట్టు మీద కాలు పెట్టారో, నేరుగా కాలవలోకే.

గొండోలా ధర ఊరే నిర్ణయించింది: పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. అది పడవకి, మనిషికి కాదు. అయిదుగురి దాకా ఎక్కొచ్చు, నలుగురికీ ఒకటి చాలు. ఎక్కకముందే ఎన్ని నిమిషాలో అనుకోండి, పాట పాడితే వేరే డబ్బు. సాన్ మార్కో ఒడ్డున అలలు ఎక్కువ, లోపలి చిన్న కాలువల దగ్గర బేరం చెయ్యి. అంత ఖర్చెందుకంటే కా దోరో దగ్గర సాంతా సోఫియా రేవులో గ్రాండ్ కెనాల్ అడ్డంగా దాటించే త్రగెత్తో ఉంది. మనిషికి 2 యూరోలు, రెండే నిమిషాలు, కానీ అదీ గొండోలానే.

మూడో రోజు బురానో వెళ్ళండి, రంగురంగుల ఇళ్ళ దీవి. ఫొందమెంతె నోవె రేవు నుంచి 12వ నంబరు పడవ, ముప్పావు గంట. దారిలోనే గాజు పనివాళ్ళ మురానో తగులుతుంది. హోటల్లోనో వీధిలోనో ఎవరైనా మురానోకి ఉచితంగా పడవ అంటే వద్దను. తిన్నగా ఒక షోరూంలో దింపుతారు, కొనేదాకా వదలరు.

తిండి దగ్గర మీ అమ్మ కోసం రెండు మాటలు నేర్చుకో: సెంజా కార్నె అంటే మాంసం లేకుండా, సెంజా పెషె అంటే చేప లేకుండా. వెనిస్‌లో రెండోది ముఖ్యం. రిసోత్తో అనే అన్నం వంటకం చూడ్డానికి శాకాహారమే అనిపిస్తుంది, కానీ మాంసం ఉడికించిన నీళ్ళతో వండేవాళ్ళున్నారు. తాజా పాస్తాలో గుడ్డు ఉంటుంది. ఎండు స్పగెట్టీ టమాటా సాస్‌తో, పిజ్జా మరినారా అడిగితే దిగుల్లేదు. బిల్లులో కొపెర్తో అని కూర్చున్నందుకు తలకి ఇంత వేస్తారు, మోసం కాదు. కాఫీ నిలబడి తాగితే చవక. వీధుల్లో కుళాయిల నీళ్ళు మంచివే, సీసా నింపుకోండి. మరుగుదొడ్లకి ఒకటిన్నర యూరో, చిల్లర దగ్గర ఉంచుకో.

గోంగూర పచ్చడి, కందిపొడి, కారం అన్నీ పెద్ద పెట్టెలో సీలు వేయించి పెట్టు. కారప్పొడి చేతి సంచిలో ఉంటే ఇక్కడే తీసేయిస్తారు. కోవా బిళ్ళలు, నెయ్యి వద్దు. పాలతో చేసినవేవీ యూరప్‌లోకి రానివ్వరు.

వీసాకి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు, ఆలస్యం చెయ్యకు. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తగ్గకూడదు. రద్దు చేసుకునే వీలున్న బుకింగ్‌లే ఇవ్వు. వెనిస్‌లో 2024 నుంచి కొన్ని తేదీల్లో పగలు వచ్చిపోయేవాళ్ళకి ప్రవేశ రుసుము పెట్టారు. ఊళ్ళో రాత్రి ఉండేవాళ్ళు కట్టక్కర్లేదు, అయినా ఆ తేదీల్లో మినహాయింపు కోడ్ ఆన్‌లైన్‌లో తీసుకుని ఫోన్‌లో ఉంచుకోవాలి. మీ తేదీలు అందులో పడ్డాయేమో నగరపాలక సంస్థ సైటులో చూడు.

మిలాన్ బయల్దేరే రోజు ముందు రాత్రి హోటల్లో ఒక్క మాట అడుగు: రేపు షొపెరో ఉందా అని. సమ్మె. ఆ దేశంలో మామూలే, రైళ్ళూ పడవలూ రెండూ తగ్గించేస్తారు. ఉందంటే గ్యారంటీ రైళ్ళ జాబితా చూసి టికెట్టు మార్చుకో.

మీ పెద్దమ్మ