పాతపట్నంలో పోయిన బండికి పర్లాకిమిడిలో ఫిర్యాదు

పాతపట్నం బస్టాండులో మీ బండి చోరీ అయితే, "అది ఆంధ్రా కేసు, అక్కడికే పొండి" అని ఒడిశాలోని పర్లాకిమిడి ఠాణాలో తిప్పి పంపేశారన్నారు కదా గురువుగారూ, అలా పంపడం కుదరదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. జీరో ఎఫ్‌ఐఆర్ (తమ పరిధిలో జరగని నేరానికి కట్టే ఎఫ్‌ఐఆర్) కట్టి పాతపట్నానికి వాళ్లే పంపాలి. ఆన్‌లైన్‌లో పెడితే మాత్రం మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి, చాలామంది జారిపోయేది ఇక్కడే.

నోటితో చెబితే ఒడియాలో రాసుకుంటారు. చదివి వినిపించాకే సంతకం పెట్టండి. ఛాసిస్ నంబరు అంకె అంకె సరిచూసుకోండి (ఇన్సూరెన్సు దగ్గర తేడా వస్తే తలనొప్పి). కాపీ ఉచితం.

అయినా కాదంటే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. తర్వాత అదే చట్టం 175(3) సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు అఫిడవిట్‌తో అర్జీ పెట్టేటప్పుడు, ముందు ఎస్పీకి రాశారని చూపేది ఆ రసీదే.