హాంగ్–ఊ–మాండెల్ లోయ 60 శాతం దగ్గర ఆగిపోతే ముందు ఫైబర్ చూడండి

కర్నూలు నుంచి మీరు అడిగింది ఇది: 405 నానోమీటర్ల లేజర్‌ను స్ఫటికంలోకి పంపి 810 నానోమీటర్ల ఫోటాన్ (కాంతి కణం) జంటలు తీస్తున్నారు, లోయ లోతు (రెండు డిటెక్టర్లూ ఒకేసారి పలికే లెక్క ఎంత పడిపోతుందన్నది) 60 శాతం దాటడం లేదు, ఇంకా సన్నని తరంగదైర్ఘ్య పట్టీనే వదిలే ఫిల్టర్లు కొనాలా అని. ఆ డబ్బు ఇప్పుడే ఖర్చు పెట్టకండి.

1987లో హాంగ్, ఊ, మాండెల్ చూపించిన ఫలితం మీకు తెలుసు. బీమ్ స్ప్లిటర్‌కు (కాంతిని రెండుగా చీల్చే అద్దానికి) రెండు వైపుల నుంచి వచ్చిన ఫోటాన్ల మధ్య ఏ తేడా లేకపోతే అవి జంటగా ఒకే వైపు బయటపడతాయి. రెండు డిటెక్టర్లూ ఒకేసారి పలకడం ఆగిపోతుంది. ఒక దారి పొడవును మారుస్తూ గీసిన గ్రాఫులో ఆ పతనమే లోయ. ఆ తేడాను మనం కొలవక్కర్లేదు. కొలవగల గుర్తు ఎక్కడ మిగిలినా చాలు, లోయ పూడిపోతుంది.

అనంతపురంలో మే నెలలో నాకూ ఇలాగే అయింది. ఉదయం 90 శాతం, మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక 60. లేజర్ వేడెక్కిందనుకున్నాను, ఫిల్టర్లను అనుమానించాను, రెండు రోజులు పోయాయి. ఒక్కో డిటెక్టర్ విడి లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. చివరికి చూస్తే బల్ల అంచు నుంచి వేలాడుతున్న ఫైబర్ చుట్ట ఏసీ గాలికి ఊగుతోంది. వేలితో కాస్త ఎత్తి పట్టుకోగానే తెరమీద జంట లెక్క (రెండు డిటెక్టర్లూ ఒకేసారి పలికిన లెక్క) గబగబా పడిపోయింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

ఫైబర్ వంగితే అందులోని కాంతి ధ్రువణం (కాంతి తరంగం ఊగే దిశ) తిరుగుతుంది. లోయ లోతు రెండు ఫోటాన్ల ధ్రువణాల మధ్య కోణపు కొసైన్ వర్గాన్ని బట్టి తగ్గుతుంది: రెండు ధ్రువణాల మధ్య 40 డిగ్రీలు వస్తే మిగిలేది సుమారు 59 శాతం. మీ అంకె అదే కదా! బీమ్ స్ప్లిటర్ 40:60గా చీల్చినా 92 శాతం వస్తుంది కాబట్టి దాన్ని నేను అంతగా అనుమానించను.

ఫైబర్లను బల్లకు టేపుతో అంటించండి. లోయ అడుగున ఆగి, ధ్రువణ నియంత్రకం తెడ్లను (ఫైబర్ చుట్టి ఉండే, తిప్పగల పలకలను) ఒక్కొక్కటిగా తిప్పుతూ జంట లెక్కను వీలైనంత తగ్గించండి.

ఒకే స్ఫటికంలో పుట్టిన జంటకు సన్నని ఫిల్టర్ లోయను వెడల్పు చేస్తుంది, ఫోటాన్లను తగ్గిస్తుంది, అంతే. వేర్వేరు స్ఫటికాల ఫోటాన్లను కలిపేటప్పుడు సంగతి వేరు, అక్కడ వర్ణపటాన్ని (ఫోటాన్ల తరంగదైర్ఘ్యాల వ్యాప్తిని) ఫిల్టర్లతో శుభ్రం చేయక తప్పదు. తెడ్లు తిప్పినా లెక్క కదలకపోతే మాత్రం రెండు ఫిల్టర్లు వదిలే తరంగదైర్ఘ్య పట్టీల కేంద్రాలు కలుస్తున్నాయో లేదో చూడండి. ఫిల్టర్‌ను కొద్దిగా వాలిస్తే దాని కేంద్రం తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. కేంద్రం ఎక్కువ తరంగదైర్ఘ్యం దగ్గర ఉన్నదాన్ని వాల్చి రెండోదానికి సరిపెట్టవచ్చు.