మా ఊరి రేడియో కంట్రీ సంగీతానికి మారింది: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను అమెరికాలోని ఒక చిన్న పట్టణంలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఉదయం కారులో ఉద్యోగానికి వెళ్తూ మా ఊరి ఎఫ్.ఎం. స్టేషన్‌లో పాత రాక్, పాప్ పాటలు వినడం నాకు అలవాటు. గత నెలలో ఒక శుక్రవారం ఆ స్టేషన్ ఒకే పాటను రోజంతా తిప్పి తిప్పి వినిపించింది. సోమవారానికి స్టేషన్ పేరు మారిపోయింది, రోజూ పలకరించే ఇద్దరు వ్యాఖ్యాతల గొంతులు వినిపించకుండా పోయాయి, పొద్దస్తమానం కంట్రీ అనే అమెరికా గ్రామీణ సంగీతమే వస్తోంది. ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా ఇలా మార్చడానికి ప్రభుత్వ అనుమతి అక్కరలేదా? శ్రోతలు అభ్యంతరం చెప్పవచ్చునా?

జవాబు: అనుమతి అక్కరలేదు. మీ బాధకు ఈ జవాబు ఊరట కాదని తెలుసు కాబట్టి కారణాన్ని వివరంగా చెబుతాను. అమెరికాలో రేడియో లైసెన్సులను ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఇస్తుంది. ఏ ఫ్రీక్వెన్సీలో ప్రసారం చేయాలి, ఎంత శక్తితో చేయాలి, టవర్ ఎక్కడ నిలపాలి అన్నవి ఆ లైసెన్సులో ఉంటాయి. లైసెన్సు 8 ఏళ్లకు ఒకసారి పునరుద్ధరణకు వస్తుంది. ఏ రకం పాటలు వేయాలన్నది మాత్రం పూర్తిగా యజమాని ఇష్టం.

ఈ విషయం తేలడానికి కోర్టుల్లో పెద్ద పోరాటమే జరిగింది. 1970ల ఆరంభంలో షికాగోలోని డబ్ల్యు.ఇ.ఎఫ్.ఎం. అనే పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కేంద్రాన్ని కొనదలచినవారు దానిని రాక్ సంగీతానికి మార్చబోతున్నారని తెలిసి శ్రోతలు కోర్టుకు వెళ్లారు. ఒక ఊరికి ఉన్న విశిష్టమైన సంగీతం కనుమరుగవుతుందని శ్రోతలు మొరపెట్టుకున్నప్పుడు కమిషన్ విచారణ జరపవలసిందేనని 1974లో వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు చెప్పింది. అదే ఏడాది న్యూయార్క్‌లోని డబ్ల్యు.ఎన్.సి.ఎన్. కూడా శాస్త్రీయ సంగీతం వదిలి రాక్‌కు మారింది. శ్రోతలు సంఘంగా ఏర్పడి ఎంత గట్టిగా పోరాడారంటే, 1975లో స్టేషన్ చేతులు మారి పాత సంగీతమే తిరిగి వచ్చింది. కానీ కమిషన్ మాత్రం పాటల రకాన్ని మార్కెట్టే నిర్ణయించాలని 1976లో విధానం ప్రకటించింది. ఆ న్యూయార్క్ శ్రోతల సంఘం పేరుతోనే సాగిన వ్యాజ్యంలో 1981 మార్చిలో సుప్రీంకోర్టు 7-2 ఆధిక్యంతో కమిషన్ పక్షాన తీర్పు ఇచ్చింది. ఎంతటి ప్రత్యేక పరిస్థితి ఎదురైనా శ్రోతల మొర వినకుండా కమిషన్ ముందే తలుపు మూసుకోవడం సరికాదని న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ భిన్నాభిప్రాయం రాశారు. నాకు ఆ అభిప్రాయమే న్యాయంగా తోస్తుంది, కానీ అమలులో ఉన్నది మెజారిటీ తీర్పే. శ్రోతలు అంత కష్టపడి దక్కించుకున్న ఆ న్యూయార్క్ స్టేషన్ కూడా 1993 చివరిలో మళ్లీ రాక్‌కు మారిపోయింది.

ముందుగా చెప్పకపోవడానికి కారణం వ్యాపారమే. మార్పు సంగతి బయటపడితే పోటీ స్టేషన్ ఆ కొత్త రకాన్ని తానే ముందు మొదలుపెట్టవచ్చు. ఉద్యోగం పోతుందని తెలిసిన వ్యాఖ్యాత మైకు ముందు ఏం మాట్లాడతాడోనని యాజమాన్యం భయపడుతుంది. మీరు విన్న ఒకే పాట తంతును రేడియోవారు స్టంటింగ్ అంటారు. ఏదో జరుగుతోందని ఊరంతా చెప్పుకునేలా చేయడం, పాత శ్రోతల అలవాటును తెంచి కొత్త పేరుకు చోటు చేయడం దాని ఉద్దేశం.

ఇక మీరు చేయగలిగినది ఏమిటంటే, స్టేషన్ మేనేజరుకు మర్యాదగా, సూటిగా ఒక ఉత్తరం రాయండి. అంతకన్నా ముఖ్యంగా, ఆ స్టేషన్‌లో ప్రకటనలు ఇచ్చే స్థానిక వ్యాపారులకు మీ మాట చేరేలా చూడండి, ఎందుకంటే యాజమాన్యం ముందుగా వినేది వారి మాటే. మీ కారులో హెచ్.డి. రేడియో (ఒకే ఫ్రీక్వెన్సీలో అదనపు ఛానళ్లు వినిపించే డిజిటల్ రేడియో) ఉంటే అదే ఫ్రీక్వెన్సీలో రెండవ ఛానల్ పెట్టి చూడండి; మారిన స్టేషన్లు కొన్ని తమ పాత పాటలను అక్కడ కొనసాగిస్తాయి.

ప్రశ్న: మా ప్రాంతంలో ఇప్పటికే ఒక కంట్రీ స్టేషన్ ఉంది. అయినా ఇంకొకటి ఎందుకు? ఈ సంగీతానికే ఇంత గిరాకీ ఎందుకుంటుంది?

జవాబు: రెండవ స్టేషన్ రావడానికి మొదటిది ఉండడమే తరచుగా కారణమవుతుంది. ఆ ఊరిలో కంట్రీ వినేవారు ఉన్నారని, ప్రకటనలు ఇచ్చేవారు ఉన్నారని మొదటి స్టేషన్ అప్పటికే రుజువు చేసి ఉంటుంది. వారిలో మూడో వంతు మందిని లాక్కున్నా కొత్తగా వచ్చినవారికి లాభమే. 1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం తర్వాత పెద్ద నగరాల్లో ఒకే సంస్థ 8 స్టేషన్ల వరకు కలిగి ఉండవచ్చు కాబట్టి, పోటీ సంస్థకు బాగా డబ్బు తెచ్చిపెడుతున్న కంట్రీ స్టేషన్‌ను దెబ్బతీయడానికే తన స్టేషన్లలో ఒకదానిని కంట్రీకి మార్చడం కూడా జరుగుతుంది.

ఈ గిరాకీ మొదటినుంచీ ఇలాగే లేదు. 1920లలో రేడియో పుట్టినప్పుడు గ్రామీణ సంగీతం ఎక్కువగా శనివారం రాత్రి వచ్చే బార్న్ డాన్స్ అనే పల్లె పాటల, నృత్యాల కార్యక్రమాలకు పరిమితమై ఉండేది. షికాగోలోని డబ్ల్యు.ఎల్.ఎస్. 1924లోనూ, నాష్‌విల్‌లోని డబ్ల్యు.ఎస్.ఎం. 1925 నవంబరులోనూ అలాంటివి మొదలుపెట్టాయి. 1950ల నడుమ రాక్ అండ్ రోల్ వచ్చి ఈ పాటలను రేడియో నుంచి దాదాపు తరిమివేసింది. ఆ దెబ్బకు కలవరపడిన పరిశ్రమవారు 1958లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్‌ను స్థాపించి, కంట్రీ శ్రోతలు సబ్బులూ కార్లూ కొనే మధ్యతరగతి కుటుంబాలవారని ప్రకటనదారులకు నచ్చజెప్పడమే పనిగా పెట్టుకున్నారు. 1961లో 81గా లెక్కతేలిన పూర్తికాలపు కంట్రీ స్టేషన్లు ఆ దశాబ్దం ముగిసేసరికి 600 దాటాయి. ఇప్పుడవి 2,000కు పైగా ఉన్నాయి. అందువల్ల మీ ఊరి మార్పు వెనుక పాటల మీద ప్రేమ కన్నా, అరవై ఏళ్లుగా ప్రకటనదారులకు పరిచయమైన శ్రోతల లెక్కలే ఎక్కువగా ఉండి ఉంటాయి.

అయితే కంట్రీ ఎప్పుడూ తరిమే పక్షమే కాదు. న్యూయార్క్‌లో డబ్ల్యు.హెచ్.ఎన్. 1973లో కంట్రీకి మారి దేశంలోనే పెద్ద కంట్రీ శ్రోతల సమూహాన్ని సంపాదించినా, 1987లో ఆ ఫ్రీక్వెన్సీ మీద క్రీడల ముచ్చట్లు మొదలయ్యాయి. 1996లో మరో కంట్రీ స్టేషన్ మూతపడ్డాక, అంతటి నగరానికి 2013 వరకు ఎఫ్.ఎం.లో సొంత కంట్రీ స్టేషన్ లేదు. అప్పుడు వచ్చినది కూడా 2021లో హిప్ హాప్‌కు మారిపోయింది. లాస్ ఏంజిలిస్‌లో 2006లో కంట్రీ స్టేషన్ పోతే, 2007లో శాస్త్రీయ సంగీతం వినిపించే 105.1 కంట్రీకి మారింది. అక్కడ ఒకరి ఇంట్లో సంతోషం, పక్కింట్లో మీకున్న బాధే. ఇది గుర్తుంచుకుంటే కొత్త స్టేషన్ శ్రోతల మీద కోపం రాదు.

ప్రశ్న: మారిన స్టేషన్‌లో పాటల నడుమ ఎవరో మాట్లాడుతున్నారు గానీ మా ఊరి పేరు సరిగా పలకడం లేదు. ఇది నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు. చాలా స్టేషన్లలో వ్యాఖ్యానాన్ని వేరే నగరంలో ముందే రికార్డు చేసి కంప్యూటరు ద్వారా పాటల మధ్య అమరుస్తారు. ఒకే వ్యక్తి అరడజను ఊళ్లకు మాట్లాడవచ్చు. ఈ వరుసలో నన్ను నిజంగా కలవరపెట్టేది ఇదే. పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. రాత్రి తుపాను వస్తే ఏ వీధి మునిగిందో చెప్పే మనిషి మాత్రం ఎక్కడా దొరకడు. 2002 జనవరిలో నార్త్ డకోటాలోని మైనాట్ దగ్గర రైలు పట్టాలు తప్పి అమ్మోనియా వాయువు వెలువడింది, ఒకరు మరణించారు, ఎందరో అస్వస్థులయ్యారు. అప్పటికి ఆ ఊరి వాణిజ్య స్టేషన్లు ఆరూ ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. ఆ రాత్రి ప్రజలకు హెచ్చరిక సకాలంలో అందలేదు. తప్పు ఎవరిదన్న దానిపై సంస్థకూ అధికారులకూ వాదన జరిగింది గానీ, రేడియోలో స్థానిక మనుషులు ఉండాలన్న చర్చ దేశమంతటా లేచింది. కాబట్టి మేనేజరుకు రాసే ఉత్తరంలో పాటల సంగతి ఒక వాక్యంలో ముగించి, రాత్రిపూట స్టేషన్‌లో ఎవరైనా ఉంటారా, ప్రమాద సమయంలో ఎవరికి ఫోను చేయాలి అని అడగండి. ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చడం వారికి కష్టం.

ప్రశ్న: కంట్రీ పాటలన్నీ నాకు ఒకేలా వినిపిస్తాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ఈనాటి స్టేషన్ వినిపించే కొద్ది పాటలతో ఆ సంగీతాన్ని కొలవకండి. ఆడవారి పాటలు తక్కువగా వేయమని 2015లో ఒక రేడియో సలహాదారు బాహాటంగానే చెప్పి విమర్శల పాలయ్యాడు. అంత ఇరుకైన జల్లెడ గుండా వచ్చిన పాటలు మీకు ఒకేలా వినిపించడంలో వింతలేదు. 1927లో టెనెసీ, వర్జీనియా సరిహద్దులోని బ్రిస్టల్‌లో రికార్డు చేసిన తొలితరం గాయకులు కార్టర్ కుటుంబాన్ని, జిమ్మీ రోడ్జర్స్‌ను వినండి. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి వాద్యం నుంచి బాంజో పుట్టిందని, నాష్‌విల్ కార్యక్రమపు తొలి తారల్లో డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి మౌతార్గన్ కళాకారుడు ఉన్నాడని తెలిశాక ఈ సంగీతం వేరుగా వినిపిస్తుంది. మీరు దేశపు తూర్పు భాగంలో ఉంటే శనివారం చీకటిపడ్డాక కారు రేడియోను ఎ.ఎం. 650కి తిప్పండి. రాత్రిపూట అనేక రాష్ట్రాలు దాటి వచ్చే ఆ డబ్ల్యు.ఎస్.ఎం. ప్రసారంలో, 1925లో మొదలైన కార్యక్రమమే, ఇప్పుడు గ్రాండ్ ఓల్ ఓప్రీ అన్న పేరుతో, ఎదుట కూర్చున్న జనం చప్పట్లతో సహా వినిపిస్తుంది.