ఉండమన్నట్టా, వెళ్ళమన్నట్టా?

చిరంజీవి అమ్మలూ,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. మామ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. కాలువకు నీళ్ళు వదిలారు, నారుమళ్ళు పచ్చబడ్డాయి.

మొన్న నువ్వు ఫోనులో చెప్పిన సంగతి రెండు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. చేరి ఏడాది తిరగకుండానే, కంపెనీ ఉద్యోగులందరికీ వెళ్ళే ఉత్తరాలు రాసే పని నీ చేతికి ఇచ్చారన్నావు. అరుగు మీద కూర్చుని దారిన పోయే ప్రతివాడికీ చెప్పుకున్నాను. మా నాన్న కరణాల దగ్గర చిట్టాలు రాశాడు, నేను ఆఫీసులో కాగితాలు రాశాను, ఇప్పుడు నువ్వు. అంతా బాగానే ఉంది. కానీ ఆ తర్వాత ఒక మాట అన్నావు. "వచ్చే నెల రైట్ సైజింగ్ ఉంది తాతయ్యా, ఆ ఉత్తరం నేనే రాయాలి" అని.

నేను బట్టల సంగతి అనుకున్నాను, ఒట్టు. కంపెనీ వాళ్ళు అందరికీ చొక్కాలు కుట్టిస్తున్నారు, కొలతలు అడుగుతున్నారు కాబోలు అనుకుని "మంచిదే అమ్మా" అన్నాను కూడా. ఫోను పెట్టేశాక, సెలవులకు వచ్చి ఉన్న మీ తమ్ముణ్ణి అడిగితే వాడు తినే జామకాయ ఆపకుండానే చెప్పాడు: "కొంతమందిని ఉద్యోగంలోంచి తీసేస్తారు." మూడు మాటలు. ఇంజనీరింగు రెండో ఏడు చదివే కుర్రవాడికి సరిపోయిన మూడు మాటలు అంత పెద్ద కంపెనీకి ఎందుకు చాలలేదు?

అప్పటినుంచి వాణ్ణి కూర్చోబెట్టి ఈ మాటలన్నీ చెప్పించుకుంటున్నాను. మొదట డౌన్ సైజింగ్ అనేవారట. అది జనానికి అర్థమైపోయి చేదెక్కాక రైట్ సైజింగ్ అయింది. ఇదీ అర్థమయ్యేసరికి ఇంకొకటి వస్తుంది, చూస్తూ ఉండు. లెట్ గో అని మరొకటి. అంటే వెళ్ళనివ్వడమట! వెళ్తానని అడిగిందెవరు? లే ఆఫ్ సంగతి మాత్రం నాకు ముందే తెలుసు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఆ మాటకు అర్థం వేరుగా ఉండేది. బొగ్గో, కరెంటో, ముడిసరుకో లేక యజమాని కొన్నాళ్ళు పని ఇవ్వలేకపోవడం. మనిషి పేరు మస్టరులో అలాగే ఉండేది, సగం జీతం వచ్చేది. పేరు కొట్టేస్తే అది రిట్రెంచ్‌మెంట్. దానికి నెల నోటీసు, పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన పరిహారం. మన పక్కన ఒక మిల్లు మూతపడ్డప్పుడు కార్మికులకు దరఖాస్తులు రాసిపెట్టాను కాబట్టి ఇదంతా నోటికి వచ్చు. ఇప్పుడు శాశ్వతంగా పంపేసినా లే ఆఫ్ అనే అంటున్నారట. మళ్ళీ పిలుస్తారని ఆశ పెట్టే మాటను తీసుకెళ్ళి, ఇక రావద్దనడానికి వాడుతున్నారు.

మీ తమ్ముడు మరో ముచ్చట చూపించాడు. 2014 జూలైలో మైక్రోసాఫ్ట్‌లో ఒక పెద్ద అధికారి ఉద్యోగులకు రాసిన ఉత్తరం. "హలో దేర్" అని ఎదురింటి అరుగు మీంచి పలకరించినట్టు మొదలుపెట్టాడు. తర్వాత ఫోన్లు, వ్యూహాలు, పేరాల మీద పేరాలు. చదివేవాడు అలసిపోయే చోటికి వచ్చాక, 12,500 మంది తగ్గుతారని అంచనా అన్నాడు. తీసేస్తున్నామని కాదు, తగ్గుతారని! గోదారి తీసినట్టు వాళ్ళంతట వాళ్ళే తగ్గుతారు కాబోలు.

నువ్వు అనబోయేది నాకు తెలుసు. మనం మాత్రం మెత్తగా చుట్టి చెప్పమా తాతయ్యా అంటావు. చెబుతాం. మామ్మ "బియ్యం నిండుకున్నాయి" అంటుంది. దీపం కొండెక్కిందంటుంది. పాము కరిస్తే పురుగు ముట్టిందంటుంది. నువ్వు హైదరాబాదు బస్సెక్కేటప్పుడు "వెళ్తాను" అంటే నీ నోరు మూసి "వస్తాను" అనిపించింది. కానీ బియ్యం నిండుకున్నాయని వినగానే నేను సంచి తీసుకుని బయలుదేరుతాను. డబ్బా నిండింది కదా అని కాలు మీద కాలు వేసుకుని కూర్చోను. పురుగు ముట్టిందంటే ఊరంతా పరుగెత్తుకొస్తుంది. రైట్ సైజింగ్ అని చదివినవాడు ఏం చెయ్యాలి? ఇల్లు మారాలా, అప్పు తీర్చేయాలా, టైలరుకు చొక్కా కొలత ఇవ్వాలా?

ఉత్తరం రాయడంలో మామూలు సంగతులు నీకు చెప్పనక్కరలేదు. పేర్లలో తప్పులు రానీకు. తేదీ వెయ్యి. శుక్రవారం సాయంత్రం పంపి తలుపులు వేసుకోకు. ఇక అసలు సంగతి. మీ నాన్నకు కూడా ఇది చెప్పలేదు. మామ్మకు తెలుసు.

1986 ఆగస్టు. మండలాలు ఏర్పడి ఏడాది దాటింది. ఏటిగట్టు వైపున్న ఒక కార్యాలయంలో నేను గుమాస్తాను. 30 ఏళ్ళవాణ్ణి. నా ముసాయిదాలకు పేరుండేది, మా అధికారి ఎర్రసిరా తాకించకుండా సంతకం పెట్టేసేవాడు. ఎగువన వానలు, భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందని కబురు మీద కబురు. లంకల్లో టముకు వేయించడానికి ప్రకటన రాయమన్నారు. అధికారి చెప్పింది ఒక్కటే: జనం కంగారు పడకూడదు, రేపు మాట మన మీదికి రాకూడదు. వెళ్ళిపొమ్మని రాస్తే, నీళ్ళు రాకపోతే? ఆ భయంతో, ఆ గర్వంతో నేను రాసింది ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది:

"గోదావరి నదికి వరద ఉధృతి పెరుగు సూచనలు కలవు. తగు ముందస్తు చర్యలు చేపట్టబడుచున్నవి. లోతట్టు ప్రాంతముల వారు అప్రమత్తులై యుండవలెను."

రాసి మురిసిపోయాను. ఎవరు చేపడుతున్నారా చర్యలు? ఎవరూ లేరు. "బడుచున్నవి"లో చేసేవాడు కనిపించడు, మా గుమాస్తాలకు అందుకే అదంటే అంత ప్రాణం. ఇంగ్లీషు ఫైళ్ళు చూసి నేర్చుకున్న విద్య అది. పొలంలో ఎవడైనా "నాచేత అన్నం తినబడింది" అంటాడా?

టముకు వేసే ఆయన పడవ మీద ఒక లంకకు వెళ్ళి ఆ కాగితం చదివాడు. ఉండమన్నట్టా, వెళ్ళమన్నట్టా అని ఎవరో అడిగారు. ఆయనకు తెలియదు, కాగితంలో ఉంటే కదా! నాలుగైదు తరగతులు చదివిన పెద్దాయన ఒకరు అక్కడ ఉన్నారు. న్యాయం కానిది అన్యాయం, శుభం కానిది అశుభం, కాబట్టి అప్రమత్తం అంటే ప్రమాదం లేదని ఆయన ఊరికి అర్థం చెప్పారు. చర్యలు కూడా తీసుకుంటున్నారట, పడుకోండి అన్నారు. అందరూ పడుకున్నారు. ఇది విని తర్వాత మా ఆఫీసులో నవ్విన వాళ్ళున్నారు. నేను నవ్వలేకపోయాను. ఆయన లెక్క తప్పేమీ కాదు, నేనిచ్చిన అంకెలే తప్పు.

ఆగస్టు 16న భద్రాచలంలో గోదావరి 75.6 అడుగులకు లేచింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దిగువకు వచ్చాయి. 17 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఇది దానికి రెట్టింపు. గట్లకు గండ్లు పడ్డాయి. ఆ లంకలో జనం చీకట్లో పాకల కప్పుల మీదికి ఎక్కారు. పడవలు అందబట్టి మనుషులు దక్కారు.

నీళ్ళు తీశాక నష్టాల జాబితా రాయడానికి నన్నే పంపారు. ఒక ముసలామె కూలిన పాక ముందు కూర్చుని ఉంది. రెండు గేదెలు పోయాయంది. ఆ ప్రకటన రాసింది నేనని ఆమెకు తెలియదు. "వెళ్ళమని ఒక్క ముక్క చెప్పి ఉంటే, మేం వెళ్ళకపోయినా గేదెలకు పలుపులైనా విప్పేవాళ్ళం కదా బాబూ. అవి ఈదుకునేవి" అంది.

నేను తలవంచుకుని జాబితాలో ఏం రాశానో తెలుసా? "పాడి పశువులు, 2, గల్లంతు." పలుపు మెడకు ఉన్నది ఎలా గల్లంతవుతుంది అమ్మలూ? అంత జరిగాక కూడా నా కలం "కట్టేసి ఉండగా మునిగి చచ్చాయి" అని రాయలేకపోయింది.

అందుకే నాకు నిద్ర పట్టనిది. ఆ ఉత్తరం అందుకునేవాళ్ళలో పిల్లల ఫీజులు కట్టాల్సినవాడు ఉంటాడు, పెళ్ళి పెట్టుకున్నది ఉంటుంది. వాళ్ళకు విప్పుకోవాల్సిన పలుపులు ఉంటాయి. "మీ ఉద్యోగం ఫలానా తేదీతో ముగుస్తుంది" అన్నది మొదటి వాక్యంలో పెట్టు. ఎంత డబ్బు వస్తుంది, ఏ రోజు వస్తుంది, ఆస్పత్రి బీమా ఎన్నాళ్ళు నడుస్తుంది, ఎవరికి ఫోను చెయ్యాలి అన్నవి ఆ వెంటనే. తీసేస్తున్నది ఎవరో కూడా రాయి, నిర్ణయం దానంతట అది తీసుకోబడదు. విచారిస్తున్నామని రాయాలనిపిస్తే చివర రాసుకో, మనసులో నిజంగా ఉంటేనే.

నువ్వు ఇలా రాస్తే పైవాళ్ళు మార్చేస్తారేమో. నీ మీద కోపగిస్తారేమో, ఆ జాబితాలో నీ పేరే చేరుస్తారేమో. ఆ భయం కూడా నాకుంది, దాచను. పోట్లాడి ఉద్యోగం వదులుకోమని చెప్పడం లేదు. నెల తిరిగేసరికి అద్దె కట్టాలని నాకు తెలుసు. మిగతాదంతా మార్చుకోనీ. ఆ మొదటి వాక్యం ఒక్కటీ ఉంచమని ఒకసారి అడుగు, కాదంటే రెండోసారి అడుగు. నేను ఆ రోజు ఒక్కసారైనా అడగలేదు.

ముందు తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లీషులో పెట్టు. పంపే ముందు నాకు ఫోనులో చదివి వినిపించు. గట్టిగా చదవాలి, ఎడమ చెవి బొత్తిగా పనిచేయడం లేదు. సాయంత్రం ఏడు లోపే చెయ్యి. ఏడు దాటితే మామ్మ సీరియల్ మొదలవుతుంది, ఇక కుడి చెవికీ ఏమీ వినపడదు.

మీ తమ్ముడి చేత కొబ్బరి లౌజు పంపిస్తున్నాం. గదిలో అందరికీ పెట్టు.

ఇట్లు,
మీ తాతయ్య