ఉప్పల్ టవర్‌ను చూసి బ్రాంచ్ ఎంచుకోకండి

ప్రశ్న: మాది చర్లపల్లి. ఇండస్ట్రియల్ ఏరియాలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయికి కన్వీనర్ కోటాలో యూనివర్సిటీ కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) వచ్చింది. దగ్గర్లో ఉన్న ప్రైవేటు కాలేజీవాళ్లు బీ కేటగిరీలో, అంటే మేనేజ్‌మెంట్ కోటాలో, సీఎస్ఈ ఏఐ-ఎంఎల్ (ఏఐ, మెషిన్ లెర్నింగ్ స్పెషలైజేషన్‌తో కంప్యూటర్ సైన్స్) ఇస్తామంటున్నారు. ప్లాటు అమ్మితే డబ్బు సర్దుబాటవుతుంది. ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఐటీ టవర్లు లేస్తున్నాయి కదా, చదువయ్యేసరికి ఇంటి దగ్గరే ఉద్యోగం దొరుకుతుందని ఆశ. సెలవులొస్తే షాపులోనే కూర్చుంటుంది. ఆ మసి పని నాతోనే పోవాలి. రెండూ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: ముందు ప్లాటు అమ్మడం ఆపండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

కౌన్సెలింగ్ రోజులొస్తే ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది, ఏరియా పేరు మారుతుందంతే. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక, అద్దాల బిల్డింగ్ కనిపిస్తే చాలు పిల్లల భవిష్యత్తు అందులోనే ఉందనుకోవడం మనకు అలవాటైపోయింది. 2020లో ఐటీని నగరం నలుమూలలకూ విస్తరించే గ్రిడ్ పాలసీ వచ్చి, ఉప్పల్ లాంటి పాత పారిశ్రామికవాడల్లోనూ ఐటీ పార్కులకు దారి తెరిచింది. దాంతో ఆ ఆశ మీ వైపుకీ వచ్చింది. మంచిదే. కానీ ఆ టవర్ సంగతి కాస్త తెలుసుకోండి. కట్టేది ఒకరు, అద్దెకు దిగే కంపెనీలు వేరు. లీజు అయిపోతే ఫ్లోర్ ఖాళీ చేసి ఇంకోచోటికి పోతాయి. ఫంక్షన్ హాలు మన వీధిలోనే ఉన్నా, లోపల పెళ్లి మనది కాదు కదండీ! ఫ్రెషర్‌ను తీసుకునేటప్పుడు ఇల్లు ఎక్కడని చూడరు. ఇన్ఫోసిస్‌లో వచ్చిందనుకోండి, ట్రైనింగ్‌కు మైసూరు వెళ్లాలి. ఆ తర్వాత ప్రాజెక్ట్ ఎక్కడుంటే అక్కడికే.

మీ అసలు టెన్షన్ అమ్మాయి దూరం వెళ్తుందనా? ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఐటీ కంపెనీలుండే రాయదుర్గం దాకా వెళ్లొచ్చు. ఈ ఒక్క కారణానికి ప్లాటు అమ్ముతారా?

ఇక ఆ ఏఐ-ఎంఎల్. దీని మీద నా అనుమానాలు దాచుకోను. కంప్యూటర్ సైన్స్ చెడ్డ చదువని అనడం లేదు. బాగా చదివినవాళ్లకు ఇప్పుడూ ఉద్యోగాలున్నాయి. నా గొడవ పేరుతో. చాలా కాలేజీల్లో మొదటి రెండేళ్లు ఏఐ-ఎంఎల్‌లో చెప్పేది మామూలు సీఎస్ఈ పాఠాలే. స్పెషల్ సబ్జెక్టులు ఎక్కువగా మూడో ఏడాదిలోనే వస్తాయి. వాటికి లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా రావాలి. చెప్పడానికి మనిషి ఉండాలి. 2024-25 నుంచి ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ, సీట్ల మీద పరిమితి ఎత్తేసింది. సెక్షన్ మీద సెక్షన్ పెంచుకునే కాలేజీకి, మెషిన్ లెర్నింగ్ నిజంగా చేసి చూపించే లెక్చరర్లు ఎక్కడి నుంచి వస్తారు? అడ్మిషన్ ఆఫీసులో ఒక్క మాట అడగండి: థర్డ్ ఇయర్‌కు ఆ సబ్జెక్టులు ఎవరు చెప్తున్నారు, ఆయన్ను ఒకసారి కలవొచ్చా? ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీ చూపించి మాట దాటేస్తే లేచి వచ్చేయండి. పైగా కొత్తవాళ్లతో చేయించే చిన్నాచితకా కోడింగ్ ఇప్పుడు ఏఐ టూల్సే చేసిపెడుతున్నాయి. నాలుగేళ్ల తర్వాత ఏమవుతుందో నమ్మకంగా చెప్పేవాళ్ల మాట నేనైతే నమ్మను.

ఈఈఈ తీసుకుంటే టవర్ తలుపులు మూసుకుపోతాయనే భయం మాత్రం వదిలేయండి. టీసీఎస్ లాంటి కంపెనీల పరీక్షలు ఏ బ్రాంచ్ బీటెక్‌వాళ్లైనా రాయొచ్చు. కేంద్ర విద్యుత్ సంస్థలు ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్‌లు గేట్ పరీక్ష స్కోరుతో తీసుకునే ఎలక్ట్రికల్ పోస్టులకు, రాష్ట్ర కరెంటు సంస్థలైన ట్రాన్స్‌కో, డిస్కంల ఎలక్ట్రికల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టులకు మాత్రం సీఎస్ఈ పనికిరాదు. అసలు ఆ టవర్ నడిచేదే కరెంటు మీద. సప్లై పోయిన క్షణంలో యూపీఎస్ బ్యాటరీలు లోడ్ పట్టుకోవాలి, ఈలోగా డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) అందుకోవాలి. పైన సిస్టమ్ ముందు కూర్చున్నవాడికి కరెంటు పోయిన సంగతే తెలియకూడదు. అలా నడిపించేది కింద ప్యానెల్ రూములో ఉన్న ఎలక్ట్రికల్ మనుషులే. ఆ మెయింటెనెన్స్ కాంట్రాక్టుల్లో మొదట్లో జీతాలు తక్కువే, అదీ చెప్పాలి. అందుకని అమ్మాయి డిజైన్, పవర్ ఎలక్ట్రానిక్స్, డేటా సెంటర్ల వైపు చూడటం మంచిది.

కోపం తెచ్చుకోనంటే ఒక మాట. సెలవులొస్తే షాపులోనే కూర్చుంటుందని ఫిర్యాదు చేసినట్టు రాశారు. ఏం చేస్తుందో రాయలేదు. మల్టీమీటర్ పట్టుకుని కాయిల్ కంటిన్యుటీ (తీగ ఎక్కడా తెగలేదు కదా అని) చూస్తోందా? మోటారుకు స్టార్-డెల్టా కనెక్షన్ తనే ఇస్తోందా? అలాగైతే, ఈఈఈలో చేరే చాలామందికి ల్యాబ్‌లో మొదటిసారి ఎదురయ్యే పని మీ పిల్లకు ఇప్పటికే చేతికి వచ్చేసింది. మీరేమో దాన్ని మసి అంటున్నారు! మీకు దగ్గర్లోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967లో మొదలైంది. అప్పట్లోనే టీడీసీ-12 కంప్యూటర్ తయారుచేసింది, ఈవీఎంలు కూడా చేస్తుంది. అక్కడా చేతులకు మసి అంటించుకున్నవాళ్లే ఉన్నారు. షాపు నడిపి పిల్లను ఇంతవరకు తెచ్చారు, దానికి సిగ్గుపడాల్సిందేముంది? ఇంత పొడుగు ఉత్తరంలో అమ్మాయికి ఏం కావాలో మాత్రం ఒక్క ముక్క లేదు.

ఒకవేళ తను నిజంగా కోడింగే కావాలంటే, మామూలు సీఎస్ఈ కోసం వచ్చే రౌండ్‌లో ఆప్షన్లు పెట్టుకోనివ్వండి. మీ చేతిలో ఉన్నది యూనివర్సిటీ కాలేజీ సీటు, కంగారు పడాల్సిన పరిస్థితి కాదు. ఈఈఈలో ఉంటూ పైథాన్ నేర్చుకోవడాన్ని ఎవరూ ఆపరు.

బీ కేటగిరీకి ఇప్పటికే అడ్వాన్స్ కట్టి ఉంటే రసీదు తీసుకుని రేపే కాలేజీకి వెళ్లండి. రీఫండ్ అడుగుతూ కాగితం రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకునే హక్కు కాలేజీకి లేదు. ఇచ్చి ఉంటే అవీ వెనక్కి తెచ్చేసుకోండి.