కెనాన్ 200డి నుంచి మిర్రర్‌లెస్‌కి మారాలా, మారితే ఏది తీసుకోవాలి? నా వాడకం బట్టి చెప్తున్నా

మీరు అడిగింది ఇదీ: మీ దగ్గర కెనాన్ 200డి మార్క్ 2 ఉంది, దాంతోపాటు 18-55, 55-250, 50ఎంఎం 1.8 లెన్సులున్నాయి. ఇంట్లో పాప ఫోటోలు, చుట్టాల ఫంక్షన్లు, ఆదివారం పూట పక్షులు తీస్తుంటారు. బడ్జెట్ లక్ష పైన, లక్షన్నర లోపు. సోనీ ఏ6700, కెనాన్ ఆర్10, ఆర్7, నికాన్ జెడ్50 టూ, ఈ నాలుగింట్లో ఏది మంచిది, అసలు మారడం అవసరమా అని.

ముందుగా డబ్బు ఖర్చు పెట్టకుండా ఒక పని చెయ్యండి. మీ 200డి మార్క్ 2 లో లైవ్ వ్యూ ఆన్ చేసి, ఫేస్ ట్రాకింగ్, ఐ డిటెక్షన్ పెట్టి, వ్యూఫైండర్ జోలికి పోకుండా ఒక వారం స్క్రీన్ మీద చూస్తూనే పాపని తియ్యండి. ఎందుకంటే మీ కెమెరాలో నిజానికి రెండు ఫోకస్ సిస్టమ్స్ ఉన్నాయి. వ్యూఫైండర్ లోంచి చూస్తే మొత్తం 9 ఫోకస్ పాయింట్లే, అవి కూడా మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. అదే లైవ్ వ్యూలోకి వెళ్తే అద్దం పైకి లేస్తుంది, సెన్సారే సొంతంగా డ్యూయల్ పిక్సెల్ తో ఫోకస్ చేస్తుంది, ఫ్రేమ్ లో దాదాపు ఎక్కడ ముఖం ఉన్నా పట్టుకుంటుంది. మిర్రర్‌లెస్ అంటే ఆ అద్దం తీసేసి ఎప్పుడూ లైవ్ వ్యూలోనే ఉండే కెమెరా, అదే బొమ్మని కంటి దగ్గర చిన్న తెరలో కూడా చూపిస్తుంది, అంతే. కొత్తవాటిలో ప్రాసెసర్ చాలా ఫాస్ట్ కాబట్టి ట్రాకింగ్ ఎన్నో రెట్లు బాగుంటుంది, అది వేరే విషయం. కానీ ఆ పద్ధతి మీ చేతికి పడుతుందా లేదా అన్నది మాత్రం ఈ వారంలో తెలిసిపోతుంది. బ్యాటరీ సంగతి కూడా తెలుస్తుంది, మీ కెమెరాకి కంపెనీ లెక్కే వ్యూఫైండర్ తో అయితే 1070 ఫోటోలు, లైవ్ వ్యూతో అయితే 320.

ఇక నా సంగతి. మాది గుంటూరు, ఉద్యోగం వేరే, మా చుట్టాల పెళ్లిళ్లలో నేనే తీస్తాను, ఒక ఫ్రెండ్ స్టూడియోకి సీజన్ లో సెకండ్ కెమెరాగా కూడా వెళ్తుంటాను. ముందు కెనాన్ 80డి వాడేవాణ్ణి, తర్వాత సోనీ ఏ7 మార్క్ 3 కి మారాను, ఇప్పటికీ అదే. మా బావమరిది దగ్గర కెనాన్ ఆర్7 ఉంది, పక్షుల కోసం ఉప్పలపాడు చెరువుకి వెళ్లినప్పుడల్లా అది నా చేతిలోనే ఎక్కువసేపు ఉంటుంది, కాబట్టి రెండు కంపెనీలూ వాడిన అనుభవంతోనే చెప్తున్నా.

మారితే మొదటి రోజే అనిపించే తేడా ఫోకస్ కాదు, ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలో వెలుతురు ఎంత పడుతుందన్నది. పెళ్లిలో మధుపర్కాలు కట్టుకుని కూర్చున్నాక అబ్బాయీ అమ్మాయీ ఇద్దరూ తెల్ల బట్టల్లో ఉంటారు, పైనుంచి వీడియో వాళ్ల లైటు నేరుగా కొడుతుంటుంది. 80డి లో అయితే మీటర్ ఒకటి చెప్పేది, ఫోటో తీసి వెనక స్క్రీన్ చూసుకుంటే గానీ చీర అంచు దగ్గర నేత కనిపిస్తోందా, తెల్లగా కాలిపోయిందా తెలిసేది కాదు, ఈలోపు ఆ క్షణం వెళ్లిపోయేది. మిర్రర్‌లెస్ లో, నా సోనీలో అయితే, జీబ్రా పెట్టుకుంటే కాలిపోయే చోట చారలు వ్యూఫైండర్ లోనే కదులుతుంటాయి, నొక్కకముందే డయల్ ఒక్క క్లిక్ తిప్పి తగ్గించేసుకోవచ్చు. కెనాన్ ఆర్10, ఆర్7 లో జీబ్రా వీడియోకి మాత్రమే, ఫోటోలకి వ్యూఫైండర్ లో కనిపించే వెలుతురు చూసే తగ్గించుకోవాలి. ఈ ఒక్కదాని కోసమే మారినా నాకు సమ్మతమే.

రెండోది కన్ను పట్టుకోవడం. ఏ7 మార్క్ 3 లో ఫోకస్ పట్టే 693 ఫేజ్ డిటెక్ట్ పాయింట్లు ఫ్రేమ్ లో 93 శాతం దాకా పరుచుకుని ఉంటాయి, 2019 ఏప్రిల్ లో ఫర్మ్‌వేర్ 3.0 ఇచ్చాక షట్టర్ సగం నొక్కితే చాలు కన్ను దొరికేస్తుంది, వేరే బటన్ అక్కర్లేదు. జీలకర్ర బెల్లం టైమ్ లో అడ్డుతెర దించగానే ఇద్దరి ముఖాలూ ఒకేసారి కనపడతాయి, చుట్టూ మేనమామలు, ఫోన్లు, పైన వీడియో అతని మోచెయ్యి, మనకి నిలబడ్డానికి చోటే ఉండదు. అప్పుడు కెమెరా రెండు చేతులతో తల పైకెత్తి, స్క్రీన్ కిందకి వంచి, అమ్మాయి కంటి మీద చిన్న పచ్చ చతురస్రం వచ్చిందా లేదా చూసుకుని నొక్కేస్తాను. 80డి కి కూడా తిరిగే స్క్రీన్ ఉంది, కానీ ఆ గుంపులో ఇంత నమ్మకంగా పైకెత్తి తియ్యలేకపోయేవాణ్ణి. తలంబ్రాల దగ్గర మాత్రం ఎంత మంచి ఐ ఆటోఫోకస్ అయినా ఒక్కోసారి ముందు పడే బియ్యం మీదకో, పక్కన వంగిన పురోహితుడి గారి మీదకో దూకుతుంది. అందుకని అక్కడ మొత్తం ఏరియా వదిలేసి జోన్ చిన్నది పెట్టి, అది ముఖం మీదే ఉండేలా చూసుకుంటాను.

ఇప్పుడు స్పెసిఫికేషన్ల పట్టికలో కనపడని సంగతులు.

సైలెంట్ షట్టర్. మంత్రాల మధ్య టకటక శబ్దం లేకుండా తియ్యొచ్చని అందరూ ముచ్చటపడే ఫీచర్ ఇది, నాకూ ఇష్టమే, కానీ మన ఫంక్షన్ హాల్స్ లో ఎల్‌ఈడీ లైట్లూ, వెనక ఎల్‌ఈడీ వాల్ ఉంటే ఎలక్ట్రానిక్ షట్టర్ తో ఫోటో మీద అడ్డంగా నల్ల చారలు పడతాయి. సెన్సార్ పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కో వరుసా చదువుతూ వస్తుంది, ఈలోపు లైటు ఆరి వెలుగుతుంటుంది కదా, అదీ కారణం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుతాయి, షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే చాలావరకు సర్దుకుంటుంది, డిమ్మర్ ఉన్న చవక ఎల్‌ఈడీలకి అదీ పనిచెయ్యదు. హాల్లోకి వెళ్లగానే ఒక టెస్ట్ ఫోటో తీసి జూమ్ చేసి చూసుకోండి, చార కనపడితే మెకానికల్ షట్టర్ కి వెళ్లిపోండి. ఆర్7 తో పక్షుల దగ్గరా ఇదే గొడవ. ఎలక్ట్రానిక్ షట్టర్ తో సెకనుకి 30 ఫోటోలు వస్తాయి గానీ దాని సెన్సార్ చదవడం నెమ్మది, ఉప్పలపాడు చెరువులో పెలికాన్ నీళ్ల మీంచి లేస్తున్నప్పుడు తీస్తే రెక్క వంకరగా వస్తుంది. మెకానికల్ లోనే 15 వస్తాయి, అవి చాలు, ఎక్కువ.

ఫ్లాష్ పెట్టినప్పుడు ఇంకో చిక్కు. మాన్యువల్ లో షట్టర్ 1/200, ఎఫ్ 5.6 (ఎఫ్ నంబర్ తగ్గేకొద్దీ లెన్స్ లోంచి వెలుతురు ఎక్కువ వస్తుంది) పెట్టి ఫ్లాష్ తో తీద్దామంటే వ్యూఫైండర్ అంతా చీకటి, ఎందుకంటే అది ఫ్లాష్ లేకుండా ఫోటో ఎలా వస్తుందో చూపిస్తోంది. సోనీలో సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్ అని, కెనాన్ లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ (ఆర్10, ఆర్7 లో డిస్‌ప్లే సిమ్యులేషన్) డిసేబుల్ అని ఉంటుంది, దాన్ని ఒక బటన్ కి పెట్టుకోండి. కొత్తగా మారినవాళ్లు చాలామంది కెమెరా పాడైందని కంగారుపడేది ఇక్కడే.

దుమ్ము. డీఎస్ఎల్ఆర్ లో, అంటే మీ 200డి లాంటి అద్దం ఉన్న కెమెరాలో, లెన్స్ తీస్తే ముందు అద్దం అడ్డుంటుంది, వెనక షట్టర్ మూసి ఉంటుంది. నా ఏ7 మార్క్ 3 లో లెన్స్ తియ్యగానే సెన్సార్ నేరుగా గాలికి తెరుచుకుని ఉంటుంది, ఆఫ్ చేసినా అంతే. తర్వాత వచ్చిన ఏ7 మార్క్ 4 లో ఆఫ్ చేస్తే షట్టర్ మూసుకునే ఆప్షన్ ఇచ్చారు. ఊరేగింపులో, బారాత్ లో, పొలం గట్టు మీద లెన్స్ మార్చే పని పెట్టుకోకండి, తప్పనిసరైతే కెమెరా మూతి నేల వైపు పెట్టి మార్చండి.

బరువు తగ్గుతుందనేది సగం నిజమే. 80డి 730 గ్రాములు, ఏ7 మార్క్ 3 650 గ్రాములు, తేడా ఎంత చెప్పండి? సోనీ సొంత 24-70 ఎఫ్ 2.8 మొదటి జీఎం లెన్సే 886 గ్రాములుంది. నేను టామ్రాన్ 28-75 వాడతాను, 550 గ్రాములు, పొద్దున్నుంచి అప్పగింతల దాకా మెడకి వేలాడితే ఈ తేడానే తెలుస్తుంది, బాడీ తేడా కాదు. మీ 200డి అయితే ఇప్పటికే 449 గ్రాములు, ఆర్10 429, కాబట్టి బరువు కోసం మారే పని మీకు లేనే లేదు.

సరే, ఏది కొనాలి. బాడీల ఫీచర్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఏ6700 గెలుస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. 26 మెగాపిక్సెల్, చెయ్యి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ బాడీలోనే, నా ఏ7 లో ఉండే పెద్ద ఎఫ్‌జెడ్100 బ్యాటరీ, పైగా సోనీ మౌంట్ (లెన్స్ బిగించే చోటు) కి సిగ్మా, టామ్రాన్ లెన్సులు లెక్కలేనన్ని. చేతిలో ఒక్క లెన్స్ కూడా లేనివాళ్లు అడిగితే అదే చెప్తాను. మీకు మాత్రం చెప్పను, ఎందుకంటే మీ మూడు లెన్సులూ పక్కన పడిపోతాయి, బడ్జెట్ మొత్తం బాడీకే అయిపోయి చివరికి వెలుతురు తక్కువ పట్టే, బాడీతో కలిపి ఇచ్చే కిట్ లెన్స్ తో మిగులుతారు. జెడ్50 టూ మంచి కెమెరానే, వ్యూఫైండర్ ఎండలో బాగా కనిపిస్తుంది, కానీ లెన్సుల సమస్య అక్కడా అదే, బాడీలో స్టెబిలైజేషన్ కూడా లేదు. యూట్యూబ్ చూసి జెడ్‌వీ-ఈ10 వైపు వెళ్లాలనిపిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి, దానికి వ్యూఫైండరే లేదు, ఏప్రిల్ ఎండలో పక్షిని స్క్రీన్ మీద వెతకడం మీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

కెనాన్ లో ఉంటే మీ లెన్సులన్నీ ఈఎఫ్–ఈఓఎస్ ఆర్ అడాప్టర్ తో మునుపటికంటే బాగా పనిచేస్తాయి. ఆ అడాప్టర్ లో గాజు ఏమీ ఉండదు. డీఎస్ఎల్ఆర్ లో మౌంట్ నుంచి సెన్సార్ కి 44 మిల్లీమీటర్ల దూరం, ఆర్10, ఆర్7 వాడే ఆర్ఎఫ్ మౌంట్ లో 20, మధ్యలో ఆ 24 మిల్లీమీటర్లు నింపే గొట్టం, కరెంటు కాంటాక్టులు, అంతే, కాబట్టి క్వాలిటీ తగ్గుతుందన్న భయం పెట్టుకోకండి. పైగా మీ 200డి లో వాడే ఎల్‌పీ-ఈ17 బ్యాటరీయే ఆర్10 లోనూ పడుతుంది. చిన్న బ్యాటరీ, ఇంకొకటి కొనాలి, అయినా ఉన్నది వృథా కాదు.

నా సలహా అయితే ఆర్10 బాడీ మాత్రం, అడాప్టర్, మిగిలిన డబ్బుతో సిగ్మా 18-50 ఎఫ్ 2.8. ఆర్ఎఫ్ మౌంట్ కి చాలాకాలం బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు రానివ్వలేదు, 2024 లో ఆర్10, ఆర్7 లాంటి చిన్న సెన్సార్ కెమెరాల వరకు సిగ్మా, టామ్రాన్ లకి దారి ఇచ్చారు, అందులో ముందు వచ్చింది ఇదే. 18-45 కిట్ తో వచ్చే సెట్ మాత్రం వద్దు, అది ఎఫ్ 4.5 దగ్గర మొదలై 6.3 కి వెళ్తుంది. మీ పాపని ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద 18-55 చివర్లో ఎఫ్ 5.6 తో తీస్తే ఐఎస్ఓ (ఇది పెరిగేకొద్దీ ఫోటో గరుకవుతుంది) 6400 అవుతోంది అనుకోండి, అదే షట్టర్ స్పీడ్ తో ఎఫ్ 2.8 లో 1600 చాలు. ఏ బాడీ మార్చినా ఇంత లాభం రాదు. 50ఎంఎం 1.8 ఉంది కదా అంటారు, ఉంది, బాగుంటుంది, కానీ మీ సెన్సార్ మీద అది 80ఎంఎం లా పడుతుంది, మామూలు హాల్లో వెనక్కి వెనక్కి జరిగితే వీపు బీరువాకి తగులుతుంది.

స్టెబిలైజేషన్ లేదు కదా ఆర్10 లో అని వెనకాడుతున్నట్టున్నారు. అది మన చెయ్యి వణుకుని ఆపుతుంది, పరిగెత్తే పాపని ఆపదు. దానికి 1/250 పైన షట్టర్ స్పీడే గతి. రాత్రి గుడి గోపురం, కార్తీక దీపాలు చేత్తో తీసేవాళ్లకి అది నిజంగా పనికొస్తుంది, పక్షులకి మీ 55-250 లో ఎలాగూ లెన్స్ లోనే ఉంది.

ఆర్7 ఎప్పుడు తీసుకోవాలంటే, డబ్బు తీసుకుని పెళ్లిళ్లు చేద్దామనుకుంటే. రెండు కార్డ్ స్లాట్లు, పెద్ద బ్యాటరీ ఉన్నాయి, వేరేవాళ్ల ముహూర్తం ఒక్క కార్డు మీద నమ్మి పెట్టడం నాకు ఇష్టం ఉండదు. లేదా పక్షులే ప్రాణం అనుకుంటే 32.5 మెగాపిక్సెల్ కాబట్టి క్రాప్ చేసుకోవడానికి ఎక్కువ మిగులుతుంది, తర్వాత నెమ్మదిగా ఆర్ఎఫ్ 100-400 చేర్చుకోండి, 635 గ్రాములే, మెడలో వేసుకుని చెరువు గట్టు చుట్టూ తిరగొచ్చు.

కొనేటప్పుడు మీ కార్డు, మీ 55-250 పట్టుకెళ్లండి. హైదరాబాద్ వెళ్తే కోఠి గుజరాతీ గల్లీలో చాలా షాపులున్నాయి, ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండాలి, ఇండియా వారంటీ కార్డు ఉండాలి, రేటు బాగా తక్కువ చెప్తే ముందు ఇదే అడగండి. సెకండ్ హ్యాండ్ అయితే ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడ ఫోటో తీసి, అక్కడే జూమ్ చేసి మచ్చలు చూడండి, ఎల్‌ఈడీ కింద కాకుండా బయట వెలుతురులో మౌంట్ అంచులు అరిగాయేమో చూడండి.

200డి ని అప్పుడే అమ్మకండి. ఇప్పుడు దానికి వచ్చే రేటు చూస్తే మీకే బాధేస్తుంది, అదే ఫ్లాష్ తగిలించి 18-55 తో ఉంచితే స్టేజ్ మీద వరసగా గ్రూప్ ఫోటోలు తియ్యడానికి రోజంతా ఒక్క బ్యాటరీతో వస్తుంది, ఆర్10 ని కింద మండపం దగ్గరకి వదిలేసుకోవచ్చు, లెన్స్ మార్చే పని కూడా తప్పుతుంది.