మా అమ్మాయి నాన్న కారు ఎక్కనంటోంది

ప్రశ్న: మాది గుంటూరు. మావారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తారు. యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడే ఆయనకు కాస్త ఊపిరి ఆడేది. ఈసారి తొమ్మిది రోజులు కారులో టూర్ పెట్టారు. మారేడుమిల్లి, విశాఖ, అరకు, పనిలో పనిగా పూరీ. ఏ రోజు ఎక్కడో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు. మా అమ్మాయి రెండేళ్లు హాస్టల్లో ఉండి ఇంటర్ పూర్తిచేసింది, ఎంసెట్ రాసి ఇంటికొచ్చింది. టూర్ అంతా దాని కోసమే అంటారు ఆయన. అదేమో ‘నాన్న కారు నేనెక్కను’ అని తెగేసి చెప్పింది. రెండేళ్ల క్రితం దాని పదో తరగతి అయ్యాక అరకు వెళ్లాం. ఘాట్ రోడ్డులో కారులోనే వాంతి చేసుకుంది. కారు కొని అప్పటికి నెల కూడా కాలేదు. మావారికి కోపమొచ్చి, రోడ్డు పక్క కుళాయి దగ్గర ఆపి, మ్యాట్లు దాని చేతే కడిగించారు. పక్కనే టూరిస్టు బస్సు ఆగి ఉంది. అందరూ చూస్తున్నారు. అది ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు ఆయనకేమో ‘దానికి ఒంట్లో నలతగా ఉందండీ’ అని, దానికేమో ‘నాన్న నీకోసం ఎంత ఖర్చు పెడుతున్నారో చూడు’ అని చెప్పుకుంటూ వస్తున్నాను. మా అత్తగారికి 72 ఏళ్లు, షుగరు, మోకాళ్ల నొప్పులు. ఆవిడ కూడా వస్తారు. బాబు తొమ్మిదో తరగతికి వచ్చాడు. అమ్మాయిని ఎలా ఒప్పించాలో చెప్పండి.

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఆ కుళాయి దగ్గరే ఆగిపోయాను. పదిహేనేళ్ల పిల్ల, కడుపులో ఇంకా తిప్పుతుండగా, ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు వంగి మ్యాట్లు కడగడం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఆ పిల్ల కళ్ల ముందు నుంచి మాత్రం ఎలా పోతుంది?

అందుకే ముందుగా ఒకటి చెబుతాను. మీ అమ్మాయిని ఒప్పించే ఉపాయం నేను చెప్పను. ఒప్పుకోవాల్సింది తను కాదు. ఆ రోజు జరిగింది తప్పేనని ఇంట్లో ఒక్కరైనా పైకి అనాలి. ఈ రెండేళ్లలో ఆ మాట ఎవరూ అన్నట్టు మీ ఉత్తరంలో లేదు. మీరు కూడా అన్నట్టు లేదు.

ఘాట్‌లో వాంతులు రావడం ఎవరి చేతిలోనూ ఉండదు. చెవి లోపల ఉండే భాగం ‘మనం వంపులు తిరుగుతున్నాం’ అని మెదడుకి చెబుతుంటుంది. వెనక సీట్లో తల దించుకుని ఫోనో, ముందు సీటు వీపో చూస్తున్న కళ్లు ‘లేదు, కదలకుండానే ఉన్నాం’ అంటుంటాయి. ఈ రెండూ పొసగక కడుపులో తిప్పుతుంది. కొందరికి ఎక్కువ, కొందరికి అసలుండదు. స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకు దాదాపు రాదు, ఎందుకంటే రాబోయే మలుపు వాళ్లకు ముందే తెలుసు. మీవారికి ఆ బాధ తెలియకపోవడానికి ఇదొక కారణం. ఇది ఆయనకు తెలిస్తే మంచిది. అయితే మీ అమ్మాయికి బాధంతా వాంతితోనే కాదు. వాంతి ముందు వచ్చే ఆ పది నిమిషాల్లో ‘నాన్నా, ఒక్కసారి ఆపు’ అనగలిగిందా? అనలేకపోయిందనే నా అనుమానం. మీ కారులో ‘ఆపండి’ అనే ధైర్యం ఎవరికుంది? ఇది నిజంగా అడుగుతున్నాను, ఒకసారి ఆలోచించండి.

మీవారిని నేను చెడ్డవాడనడం లేదు. సీజన్‌లో యార్డు వాళ్ల బతుకు నాకు తెలుసు. తెల్లారకముందే పరుగు, రోజంతా ఆ ఘాటు, తుమ్ములు, రైతుకీ కొనేవాడికీ నడుమ నలగడం, రాత్రి ఇంటికొచ్చాక కూడా ఫోన్లు. అంత చేసి, దొరికిన నాలుగు రోజులు పిల్లలతో గడపాలనుకునే తండ్రి ప్రేమలో లోటు లేదు. లోటల్లా అడగకపోవడంలో ఉంది. రెండేళ్లు హాస్టల్లో ఉండి వచ్చిన పిల్లలు నా దగ్గరకు చాలామంది వస్తుంటారు. పరీక్షలయ్యాయి కదా, ఇప్పుడేం చేస్తావమ్మా అంటే ఎక్కువమంది చెప్పేది ఒకటే. ‘ఇంట్లో పడుకుంటాను మేడం, ఎవరూ లేపకుండా.’ వాళ్లకు కొండలూ సముద్రాలూ వద్దని కాదు. ముందు తమ మంచం కావాలి, అమ్మ చేతి పప్పు కావాలి. పొద్దున్న నాలుగింటికి లేచి కారెక్కాలంటే వాళ్లకది ఇంకో స్టడీ అవర్ లాగే ఉంటుంది.

ఇక మీ సంగతి. యార్డులో బేరం కుదిర్చే పని మీవారిదైతే, ఇంట్లో ఆ పని మీ మీద పడింది. ఇటు మాట అటు, అటు మాట ఇటు, మధ్యలో కాస్త తియ్యదనం కలిపి అందిస్తున్నారు. ఇల్లు గొడవల్లేకుండా ఉండాలనే చేస్తున్నారు, నాకు తెలుసు. కానీ దానివల్ల మీవారికి కూతురి మనసులో ఉన్నది ఇప్పటికీ తెలియదు. ఒంట్లో నలతే అనుకుంటున్నారు. అమ్మాయేమో నాన్నకు అన్నీ తెలిసీ పట్టించుకోవడం లేదనుకుంటోంది. ఇద్దరికీ అందుతున్నది నిజం కాదు. ఆ మధ్యవర్తి పని నుంచి తప్పుకోండి.

తప్పుకునే ముందు ఒక్క మాట మాత్రం మీరే ఆయనకు చెప్పాలి. ఇప్పుడు యార్డు సెలవులు కాబట్టి పొద్దున కాఫీ వేళ మంచిది. పిల్లలు లేవకముందు, అత్తగారు పూజలో ఉన్నప్పుడు చెప్పండి. సాగదీయొద్దు. ‘అమ్మాయికి ఒంట్లో నలత అన్నాను కదా, అది అబద్ధం. అరకు దారిలో దాని చేత మ్యాట్లు కడిగించారు. అది ఇంకా మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు. ఆ రోజు నేను దిగి మీకు అడ్డుపడాల్సింది, పడలేదు.’ అంతే. చివరి వాక్యం వదిలేయకండి. అది లేకపోతే మీరు కూతురి తరఫున ఫిర్యాదు తెచ్చినట్టుంటుంది. ఆయన కస్సుమనొచ్చు, ‘అంత చిన్న విషయానికా’ అనొచ్చు. వాదించకండి. ‘మీరిప్పుడే ఏమీ చెప్పక్కర్లేదు’ అని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోండి. మగవాళ్లు చాలామంది మొదట ఎగిరిపడి, రెండు రోజులు లోపల్లోపల నలిగి, మూడో రోజు మెత్తబడతారు. ఆ రెండు రోజులూ మీరు గుర్తుచేయకూడదు.

ఆయన కూతురి దగ్గర పెద్ద క్షమాపణలేవీ చెప్పనక్కర్లేదు. ‘ఆ రోజు నీ చేత కడిగించి తప్పు చేశానమ్మా’ అని ఒక్క మాటంటే చాలు. అప్పుడు మీరు అక్కడ ఉండొద్దు. వంటింట్లోంచి చెవి కూడా వేయొద్దు.

అమ్మాయికి మీరు చెప్పాల్సింది ఇంకా చిన్నది. ‘నువ్వు రానంటే నాకు కోపం లేదు.’ తను ఆ తర్వాత కూడా రానంటే అమ్మమ్మ గారింట్లోనో పిన్ని దగ్గరో ఉండనివ్వండి. పద్దెనిమిదేళ్లు దగ్గరపడుతున్న పిల్లకు ఆ మాత్రం చెల్లాలి. వెళ్లాక రోజుకు మూడుసార్లు వీడియో కాల్ చేసి ‘నువ్వుంటే ఎంత బాగుండేదో’ అనడం మాత్రం వద్దు. అది కూడా శిక్షే.

వస్తానంటే ఆ కాగితం మార్చాలి. నేను లెక్కేశాను. గుంటూరు నుంచి విశాఖే దాదాపు 380 కిలోమీటర్లు. అక్కణ్నుంచి పూరీ నాలుగు వందల పైమాట. మారేడుమిల్లి, అరకు కలిపితే తొమ్మిది రోజుల్లో దగ్గర దగ్గర 2,000 కిలోమీటర్లు, అదీ మే ఎండలో, ఒక్కరే డ్రైవింగ్. ఇలాంటి ప్రయాణంలో సాయంత్రానికి ఎవరైనా చిరాకుపడతారు. పూరీ ఇంకోసారి వెళ్లొచ్చు, తీసేయండి. మారేడుమిల్లి అడవిలో రెండు రాత్రులు, విశాఖలో మూడు రాత్రులు, ఇంకేం వద్దు. విశాఖ నుంచి అరకుకు కారే అక్కర్లేదు. పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలుంది. అరకు చేరేలోగా చాలా సొరంగాలు దాటుతుంది. అద్దాల పెట్టె (విస్టాడోమ్ బోగీ) టికెట్లు వేసవిలో త్వరగా అయిపోతాయి కాబట్టి ముందే చేయించండి. మామూలు పెట్టె అయినా కిటికీ పక్కన కూర్చుంటే ఆ లోయలు కనిపిస్తాయి. కారు దారిలో ఎస్.కోట దాటాక వచ్చే ఆ ఘాట్ మలుపులతో పోలిస్తే రైల్లో కడుపులో తిప్పడం చాలా తక్కువ. అసలు సంగతి ఇంకోటుంది. అదే కుళాయి దగ్గరనుంచి అదే కారులో మళ్లీ వెళ్లాల్సిన పని తప్పుతుంది. మీవారు కూడా ఆ ఒక్క రోజు స్టీరింగ్ వదిలి కూతురి పక్కన కూర్చుంటారు.

కారులో ఉన్నంతసేపూ ముందు సీటు అమ్మాయిది. మారేడుమిల్లి దగ్గర కూడా ఘాట్ రోడ్డే. దూరంగా రోడ్డు చూస్తుండాలి, ఫోన్ వద్దు, బయల్దేరే ముందు నూనె వంటలు వద్దు, అలాగని ఖాళీ కడుపూ వద్దు. మాత్ర అవసరమైతే డాక్టర్ని అడిగి బయల్దేరడానికి ముందే వేయాలి, తిప్పడం మొదలయ్యాక వేసి లాభం లేదు. ఎవరు ‘ఆపండి’ అన్నా ఎందుకని అడక్కుండా కారు ఆగాలి. ఈ ఒక్క మాట మీవారు ఇస్తే చాలు, మిగతా టూర్ ఎలా ఉన్నా ఫర్వాలేదు.

ఆ మాట అమ్మాయికే కాదు, మీ అత్తగారికీ కావాలి. ఆవిణ్ని ఓసారి గమనించండి. ప్రయాణం రోజు పొద్దుటి నుంచే నీళ్లు తగ్గిస్తారు. దారిలో బాత్రూమ్ కోసం కారు ఆపమని కొడుకుని అడగడం ఆవిడకు మొహమాటం. షుగరున్న మనిషి మే నెలలో నీళ్లు తాగకపోతే ప్రమాదం. అందుకని మీరే గంటన్నరకోసారి పెట్రోల్ బంకు దగ్గర ఆపించి, ఆవిడ చెయ్యి పట్టుకుని దింపి నాలుగడుగులు వేయించండి. ఇన్సులిన్ వాడుతుంటే ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, ఆ మోకాళ్లతో వద్దు. ఎవరో ఒకరు ఆవిడకు తోడుగా బయట కూర్చోండి. ఆ ‘ఎవరో ఒకరు’ ప్రతిసారీ మీరే కాకూడదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నా చిన్నప్పుడు విజయవాడ నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాం. నల్లమల అడవి, అద్దె కారు, ఏడుగురం. అమ్మ దారంతా ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని కూర్చుంది. శిఖరేశ్వరం దగ్గర అందరం దిగి మెట్లెక్కి, నంది కొమ్ముల మధ్యలోంచి గుడి శిఖరం కనిపించిందని అరిచాం. అమ్మ దిగలేదు. మా తమ్ముడు నిద్రపోతున్నాడు, సామాను ఉంది, ఎవరో ఒకరు ఉండాలి. చాలా ఏళ్ల తర్వాత, అరవై దాటాక, ఏదో మాటల్లో అంది. ‘నేను శిఖరం చూడలేదమ్మా.’ ఫిర్యాదుగా కూడా కాదు, మామూలుగా. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

మీ ఉత్తరంలో మీవారికేం కావాలో ఉంది, అమ్మాయికేం వద్దో ఉంది, అత్తగారి మోకాళ్లున్నాయి, బాబు తరగతి కూడా ఉంది. మీకు ఎక్కడికి వెళ్లాలనుందో, అసలు వెళ్లాలనుందో లేదో ఒక్క మాట లేదు. ఈసారి పులిహోర డబ్బాలు, పచ్చళ్లు, స్టవ్ ఏవీ సర్దకండి. ఇడ్లీ, పెరుగన్నం ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, అత్తగారికి అవి పడతాయి.

ఫ్రిజ్ మీద కాగితంలో పూరీ కొట్టేస్తే కాస్త ఖాళీ మిగులుతుంది. అక్కడ మీ చేత్తో ఒక ఊరి పేరు రాయండి. గంటన్నర దూరంలో ఉన్న సూర్యలంక బీచ్ అయినా సరే.